వరుసకు లెక్క కట్టిన ఎర్లాంగ్

రేషన్ దుకాణం తలుపు తీయకముందే దాని ముందు సంచులు, డబ్బాలు వరుసగా పేర్చి ఉండడం మీరు చూసే ఉంటారు. మనిషి పక్కనున్న అరుగుమీద కూర్చున్నా అతని వంతును సంచి కాపాడుతుంది. రైల్వే స్టేషనులో టికెట్ల కిటికీ ముందు, ఆసుపత్రిలో చీటీలు రాసే గది ముందు, పండుగనాడు గుడి ముంగిట జనం బారులు తీరి నిలుచుంటారు. ముందు వచ్చినవారిది ముందు వంతు, వెనుక వచ్చినవారిది వెనుక వంతు. ఈ నియమాన్ని ఎవరూ గోడమీద రాసి పెట్టనక్కరలేదు. మధ్యలో ఎవరైనా దూరితే మాత్రం వరుసంతా ఒక్కసారి గొల్లుమంటుంది. ఇంగ్లీషువారు దీనిని క్యూ అన్నారు. ఆ మాట వారికి ఫ్రెంచి భాషనుండి వచ్చింది. ఫ్రెంచిలో క్యూ అంటే తోక. హనుమంతుని తోకలా పెరిగిపోయే వరుసలను చూసినవారికి ఆ పేరు తగినదేనని తోస్తుంది.

వరుసలో నిలబడ్డవారి మనసులో మెదిలే ప్రశ్న ఒక్కటే, ఇంకా ఎంతసేపు అని. వరుసకు ఎదురుగా కిటికీ లోపల కూర్చున్నవారికి మరొక ప్రశ్న ఉంటుంది. ఇంకొక కిటికీ తెరవాలా, ఉన్నదానితో సరిపెట్టవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకు ఊహతో కాక లెక్కతో జవాబు చెప్పవచ్చునని నిరూపించి, ఆ శాస్త్రానికి గట్టి పునాది వేసినవాడు డెన్మార్కు దేశపు గణితవేత్త అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. కంప్యూటర్లు పుట్టకముందే ఆయన కన్నుమూశాడు. అయినా నేటి కంప్యూటర్లలో నడిచే వరుసల కథ ఆయనను తలచుకోకుండా పూర్తి కాదు.

ఎర్లాంగ్ 1878 జనవరి 1న డెన్మార్కులోని జట్లాండ్ ద్వీపకల్పంలో లోన్‌బోర్గ్ అనే పల్లెలో జన్మించాడు. తండ్రి హాన్స్ నీల్సన్ ఎర్లాంగ్ ఆ ఊరి బడిపంతులు. చర్చిలో లేఖకునిగా కూడా ఆయన పనిచేసేవాడు. తల్లి మాగ్డలీన్ క్రారప్ మతాచార్యుల వంశంలో పుట్టినది. ఆమె పూర్వీకులలో థామస్ ఫింకె అనే పేరుపొందిన గణితవేత్త ఉన్నాడు. అగ్నర్‌కు ఫ్రెడరిక్ అనే అన్న, ఇద్దరు చెల్లెళ్లు ఉండేవారు. కలిగిన కుటుంబం కాదు. బడి, చర్చి, పుస్తకాలు, ఇవే వారి ఆస్తి.

అగ్నర్ చిన్ననాటి ముచ్చట ఒకటి అందరూ చెప్పుకుంటారు. అన్నదమ్ములిద్దరూ బల్లకు చెరొక వైపున కూర్చుని ఒకే పుస్తకాన్ని చదివేవారు. అన్న ముందు పుస్తకం సరిగా ఉండేది. ఎదుటి వైపున ఉన్న తమ్మునికి అక్షరాలన్నీ తలకిందులుగా కనిపించేవి. అగ్నర్ అలాగే చదవడం నేర్చుకున్నాడు. పుస్తకం తనవైపు తిప్పమని అన్నతో పేచీ పెట్టుకోవడంకంటె తలకిందులుగా చదవడమే అతనికి సులభమని తోచింది కాబోలు! సాయంకాలాలు నక్షత్రాలను చూస్తూ గడపడం అతనికి మహా ఇష్టం. ఖగోళ విషయాలమీద పద్యాలు కూడా అల్లేవాడు.

ఊరి బడిలో చదువు ముగిసిన తరువాత అగ్నర్ కొంతకాలం ప్రత్యేకంగా పాఠాలు చెప్పించుకున్నాడు. పద్నాలుగేళ్ల వయసులో కోపెన్‌హాగెన్ వెళ్లి విశ్వవిద్యాలయపు ప్రవేశానికి తొలిమెట్టయిన పరీక్షకు కూర్చున్నాడు. ఆ పరీక్ష రాయడానికి అతని వయసు చాలలేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. పరీక్షలో విశేషమైన ప్రతిభ చూపి నెగ్గాడు. అయినా వెంటనే పైచదువుకు పోయే వీలు లేక ఇంటికి తిరిగివచ్చి, తండ్రి బడిలోనే రెండేళ్లు సహాయోపాధ్యాయుడుగా పనిచేశాడు. ఆ రెండేళ్లలో ఫ్రెంచి, లాటిన్ భాషలు నేర్చుకున్నాడు.

పదహారేళ్లు వచ్చేసరికి కొడుకును విశ్వవిద్యాలయానికి పంపాలని తండ్రికి కోరిక కలిగింది. చేతిలో డబ్బు లేదు. దూరపు బంధువొకరు ముందుకు వచ్చి, ఫ్రెడరిక్స్‌బోర్గ్ పాఠశాలలో చదువుకునే కాలమంతా అగ్నర్‌కు ఉచితంగా తిండి, వసతి ఏర్పాటు చేశారు. అక్కడ విద్యార్థివేతనం సంపాదించుకుని 1896లో అగ్నర్ కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. గణితం ప్రధాన విషయం. ఖగోళశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం తోడు విషయాలు. 1901లో ఎం.ఎ. పట్టం పుచ్చుకున్నాడు.

తరువాత ఏడేళ్లు ఎర్లాంగ్ పలు పాఠశాలల్లో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. పాఠం బాగా చెప్పేవాడన్న పేరు తెచ్చుకున్నాడు గాని, ఆయన మనసంతా పరిశోధనమీదనే ఉండేది. నలుగురిలో కలిసి కబుర్లాడే స్వభావం కాదు. ఊరకుండి గమనించడం, అవసరమైనంత మాత్రమే మాట్లాడడం ఆయన అలవాటు. ఆయన తన లోకంలో తానుండే మనిషి అని స్నేహితులు ఒక ముద్దుపేరు కూడా పెట్టారు. వేసవి సెలవులలో ఫ్రాన్సు, స్వీడన్, జర్మనీ, బ్రిటన్ దేశాలు తిరిగి అక్కడి చిత్రశాలలు, గ్రంథాలయాలు చూసివచ్చేవాడు. ఉపాధ్యాయుడుగా ఉన్నప్పుడే, 1904లో, హాలండు శాస్త్రజ్ఞుడు హైగెన్స్ గణితంమీద ఒక వ్యాసం రాసి విశ్వవిద్యాలయం నుండి ప్రశంస పొందాడు.

ఎర్లాంగ్ డెన్మార్కు గణితవేత్తల సంఘంలో సభ్యుడు. ఆ సంఘం సమావేశాలకు యొహాన్ యెన్‌సెన్ అనే ఇంజనీరు వచ్చేవాడు. ఉద్యోగరీత్యా ఆయన కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో ముఖ్య ఇంజనీరు. గణితంలో విశ్వవిద్యాలయ పదవి ఏదీ ఆయనకు లేదు. తీరికవేళల్లో గణితం చేసేవాడు. ఆయన పేరిట వెలసిన అసమానతను నేటికీ గణిత విద్యార్థులు చదువుతున్నారు. ఈ యెన్‌సెన్ ఎర్లాంగ్ ప్రతిభను గుర్తించి తన కంపెనీ నిర్వాహకుడు యోహాన్‌సెన్‌కు పరిచయం చేశాడు. ఆ నిర్వాహకుడు కూడా సామాన్యుడు కాడు. ఫోనుకోసం జనం ఎంతసేపు ఎదురుచూస్తారన్న విషయంమీద అంతకు ముందే తానొక వ్యాసం రాసినవాడు. 1908లో ఎర్లాంగ్ బడి ఉద్యోగం వదలి టెలిఫోన్ కంపెనీలో చేరాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై ఏళ్లు.

ఆనాటి టెలిఫోన్ ఎలా పనిచేసేదో తెలిస్తేగాని ఎర్లాంగ్ చేసిన పని విలువ మనకు బోధపడదు. ఫోను ఎత్తినవారికి మొదట వినిపించేది కేంద్రంలో కూర్చున్న ఉద్యోగిని గొంతు. ఆమె ముందు వందలాది చిన్న రంధ్రాలున్న పెద్ద బల్ల ఉండేది. ఒక్కొక్క రంధ్రం ఒక్కొక్క చందాదారునిది. ఎవరితో మాట్లాడాలో కనుక్కుని, ఒక తీగను ఈ రంధ్రంనుండి ఆ రంధ్రానికి తగిలించి ఆమె ఇద్దరినీ కలిపేది. మాటలు ముగిశాక తీగ తీసేసేది. ఒకేసారి పదిమంది పిలిస్తే తొమ్మిదిమంది వేచి ఉండవలసిందే. దూరపు ఊళ్లకు పోయే తీగలు మరీ తక్కువ. అన్నింటిమీద ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటే కొత్తగా పిలిచినవారికి దారే దొరకదు.

ఇక్కడే చిక్కు. తీగలు తక్కువ వేస్తే చందాదారులు తిట్టుకుంటారు. డాక్టరుకోసం ఫోను చేసినవాడికి దారి దొరకకపోతే అది తిట్టుతో పోయే విషయం కాదు. ఎక్కువ వేస్తే రాగికి, స్తంభాలకు, జీతాలకు పెట్టిన డబ్బు వృథా. ఎన్ని తీగలు ఉంటే చాలు? ఎంతమంది ఉద్యోగినులు కావాలి? అనుభవంమీద ఇంత అని అంచనా వేయడమే అంతవరకు ఉన్న పద్ధతి.

ఎర్లాంగ్ గదిలో కూర్చుని కాగితాలమీద మాత్రమే పనిచేసినవాడు కాడు. తొలిరోజుల్లో ఆయనకు ప్రయోగశాల ఉన్నా సహాయకులు లేరు. భూమిలో వేసిన తీగలలో దారితప్పి ప్రవహించే విద్యుత్తును కొలిచే పని తానే చేసుకోవలసి వచ్చేది. కోపెన్‌హాగెన్ వీధుల్లో ముందు ఎర్లాంగ్, వెనుక నిచ్చెన మోస్తూ ఒక పనివాడు నడిచిపోవడం ఊరివారికి అలవాటైన దృశ్యం. మూత తీసి, నిచ్చెన దించి, ఆ గణితవేత్త నేలగోతిలోకి దిగేవాడు.

కంపెనీలో చేరిన మరుసటి ఏడాదే, అంటే 1909లో, ఆయన మొదటి ముఖ్య వ్యాసం వెలువడింది. సంభావ్యతా సిద్ధాంతాన్ని టెలిఫోన్ సంభాషణలకు అన్వయించడం అందులోని విషయం. ఎవరు ఎప్పుడు ఫోను చేస్తారో ఎవరికీ తెలియదు. ఒకరు చేసినందువల్ల మరొకరు చేయరు. ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే పిలుపులకు కూడా ఒక క్రమం ఉంటుందని, అది ఫ్రెంచి గణితవేత్త పాయిసాన్ అంతకుముందు కనుగొన్న సూత్రాన్ని అనుసరిస్తుందని ఎర్లాంగ్ చూపాడు. ఉదాహరణకు సగటున నిమిషానికి ఒక పిలుపు వస్తుందనుకోండి. ప్రతి నిమిషం సరిగా ఒక్కటే వస్తుందని మనం అనుకుంటాం. అలా జరగదు. నూరు నిమిషాలు గమనిస్తే సుమారు 37 నిమిషాలలో ఒక్క పిలుపూ ఉండదు. మరో 37 నిమిషాలలో ఒకటి వస్తుంది. 18 నిమిషాలలో రెండేసి, 6 నిమిషాలలో మూడేసి వస్తాయి. మిగిలిన ఒకటి రెండు నిమిషాలలో నాలుగు, అయిదు కూడా ఒక్కసారి మీదపడతాయి. ఏ నిమిషంలో ఏమి జరుగుతుందో చెప్పలేము. నూరింటిలో ఎన్ని నిమిషాలు ఎలా ఉంటాయో చెప్పగలం. సిటీబస్సులు చాలాసేపు రాక, వస్తే రెండు మూడు కలిసి రావడం చూసి విసుక్కునేవారికి ఈ గుంపులు కట్టే గుణం కొత్తకాదు. బస్సుల విషయంలో కారణాలు మరికొన్ని ఉన్నాయనుకోండి.

1917లో వచ్చిన వ్యాసం ఆయన కీర్తికి మూలం. అప్పటికి మనిషి ప్రమేయం లేకుండా వాటంతటవే కలిపే ఆటోమేటిక్ టెలిఫోన్ కేంద్రాలు వస్తున్నాయి. వాటికి పనికివచ్చే రెండు రకాల లెక్కలను ఆయన అందులో తేల్చాడు. దారి దొరకని పిలుపు వెంటనే తప్పిపోయే పద్ధతి ఒకటి. దారి దొరికేవరకు వరుసలో వేచి ఉండే పద్ధతి రెండవది.

మొదటి లెక్కను మనం చేసి చూడవచ్చు. గంటలో ఇరవై పిలుపులు వస్తాయి, ఒక్కొక్కటి సగటున మూడు నిమిషాలు సాగుతుంది అనుకుందాం. మొత్తం అరవై నిమిషాలు, అంటే సరిగా ఒక తీగకు గంటసేపు సరిపడా మాటలు. కాబట్టి ఒక తీగ చాలునని అంకగణితం చెబుతుంది. ఎర్లాంగ్ సూత్రం అలా చెప్పదు. ఒకే తీగ ఉంటే రెండు పిలుపులలో ఒకటి తప్పిపోతుంది. రెండు తీగలుంటే అయిదింటిలో ఒకటి. మూడుంటే పదహారింటిలో ఒకటి. నాలుగు వేస్తే అరవై అయిదింటిలో ఒకటి. ఈ 2, 5, 16, 65 అనే సంఖ్యలు ఎలా వచ్చాయో చూడండి. ముందున్న సంఖ్యను తీగల సంఖ్యతో గుణించి ఒకటి కలపాలి. రెండును రెండుతో గుణించి ఒకటి కలిపితే అయిదు. అయిదును మూడుతో గుణించి ఒకటి కలిపితే పదహారు. పదహారును నాలుగుతో గుణించి ఒకటి కలిపితే అరవై అయిదు. అయిదవ తీగ వేస్తే ఎంతో మీరే కట్టవచ్చు. ఇంత సులభంగా వచ్చేది మాటల మొత్తం సరిగా ఒక గంట అయినప్పుడే. ఇతర మొత్తాలకు సూత్రం కొంచెం పెద్దది.

దీనిలో మరొక విశేషం ఉంది. పక్కపక్కనున్న రెండు ఊళ్లు చెరి రెండు తీగలు వేసుకున్నాయి, ఒక్కొక్క ఊరికి గంటకు ఒక గంట మాటలున్నాయి అనుకోండి. ప్రతి ఊరిలోనూ అయిదింటిలో ఒక పిలుపు తప్పిపోతుంది. ఆ నాలుగు తీగలనూ ఉమ్మడిగా వాడుకుంటే తప్పిపోయేవి ఇరవై ఒకటింటిలో రెండే. ఒక్క తీగ కూడా కొత్తగా వేయలేదు, నష్టం సగానికి పైగా తగ్గింది. ఒక ఊరివారికి తీగ అవసరం లేని వేళ రెండవ ఊరివారు వాడుకుంటారు గనుక ఇది సాధ్యమైంది. బ్యాంకులలో నాలుగు కిటికీలకు నాలుగు వరుసలు కాక, అందరికీ ఒకే వరుస పెట్టి టోకెను సంఖ్య పిలవడంలో ఉన్న కిటుకు ఇలాంటిదే.

వేచి ఉండే పద్ధతిలో లెక్క ఇంకా విచిత్రం. ఒకే కిటికీ, ఒకే ఉద్యోగి. వచ్చేవారు యాదృచ్ఛికంగా వస్తారు, ఒక్కొక్కరికి పట్టే సమయం కూడా అలాగే మారుతుంది. ఉద్యోగి తన కాలంలో సగం పనిలో ఉంటే కిటికీ దగ్గర సగటున ఒకరు ఉంటారు. నూటికి 80 పాళ్లు పనిలో ఉంటే నలుగురు. 90 పాళ్లయితే తొమ్మిదిమంది. 95 పాళ్లయితే పందొమ్మిదిమంది. ఎనభై నుండి తొంభై అయిదుకు పని పెరిగింది కొంచెమే. వరుస మాత్రం నాలుగు నుండి పందొమ్మిదికి పెరిగింది. ఉద్యోగికి తీరిక లేకుండా చేస్తే పని బాగా జరుగుతుందనుకునే అధికారులు నేటికీ ఉన్నారు. కాస్త తీరిక ఉంచకపోతే ఆ మూల్యం బయట ఎండలో నిలబడ్డవారు చెల్లిస్తారని ఈ లెక్క చెబుతోంది.

ఎర్లాంగ్ రచనా శైలి ఆయన మాటలాగే క్లుప్తం. చాలాచోట్ల ఫలితం చెప్పి నిరూపణ వదిలివేసేవాడు. గణితం బాగా వచ్చినవారికి కూడా అవి కొరుకుడుపడేవి కావు. తొలి వ్యాసాలు డేనిష్ భాషలో ఉన్నాయి. ఆనాటి డెన్మార్కు జనాభా ముప్పై లక్షల ప్రాంతం. అంత చిన్న భాషలో రాసినా అవి మూలన పడి ఉండలేదు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ భాషలలోకి వెళ్లాయి. బ్రిటిష్ తపాలా శాఖ తన టెలిఫోన్ కేంద్రాలకు ఆయన సూత్రాన్ని స్వీకరించింది. అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలల పరిశోధకుడొకరు ఎర్లాంగ్ వ్యాసాలను మూలంలో చదవడానికే డేనిష్ నేర్చుకున్నాడట. ఇంటిలో ఒక భాష, వీధిలో మరొక భాష మాట్లాడుకునే మనవంటివారికి ఈ సంగతి కొంచెం ఎక్కువ రుచిస్తుంది.

ఎర్లాంగ్ పెండ్లి చేసుకోలేదు. ఆయన జీతంలో చాలాభాగం పుస్తకాలకు పోయేది. గణితం, ఖగోళం, భౌతికశాస్త్రం విషయాలపై గొప్ప గ్రంథాలయం సేకరించాడు. లెక్కలను పట్టికలుగా కూర్చడంలో ఆయనకు ప్రత్యేకమైన నేర్పు ఉండేది. నాలుగంకెల లాగరిథమ్ పట్టికలు కూడా తయారుచేశాడు. మిగిలిన డబ్బు అవసరంలో ఉన్నవారికి చేరేది. పేదలు ఆయన పనిచేసేచోటికే వచ్చి సాయం అడిగేవారు. ఎవరికీ తెలియకుండా ఇచ్చి పంపేవాడు.

దాదాపు ఇరవై ఏళ్లు కంపెనీలో పనిచేసిన కాలంలో అనారోగ్యం పేరిట ఆయన సెలవు పెట్టలేదు. 1929 జనవరిలో కడుపులో శస్త్రచికిత్సకోసం ఆసుపత్రిలో చేరాడు. ఫిబ్రవరి 3న మరణించాడు. వయసు 51 సంవత్సరాలు.

ఆయన పేరు మరణానంతరమే ఎక్కువగా వ్యాపించింది. 1946లో అంతర్జాతీయ టెలిఫోన్ సంస్థ టెలిఫోన్ రద్దీని కొలిచే ప్రమాణానికి ఎర్లాంగ్ అని పేరు పెట్టింది. ఒక తీగమీద గంటసేపు ఎడతెగకుండా మాటలు సాగితే ఆ గంటలో రద్దీ ఒక ఎర్లాంగ్. బలానికి న్యూటన్, విద్యుత్ ప్రవాహానికి ఆంపియర్ ఎలాగో, రద్దీకి ఈయన అలాగ. 1948లో ఆయన జీవితచరిత్ర, వ్యాసాలు కలిపి కోపెన్‌హాగెన్‌లో ఇంగ్లీషు గ్రంథంగా ప్రచురించారు. సెల్‌ఫోను కంపెనీలు, ఫోనుమీద ఫిర్యాదులు వినే కేంద్రాలు నేటికీ ఆయన సూత్రాలను వాడుతున్నాయి.

ఇక కంప్యూటర్ల సంగతి. 1960 తరువాత పొరుగుదేశమైన నార్వేలో, ఓస్లో నగరంలోని నార్వే కంప్యూటింగ్ కేంద్రంలో, క్రిస్టెన్ నిగార్డ్, ఓలే యొహాన్ డాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సమస్య పట్టుకున్నారు. కర్మాగారం, రేవు, కార్యాలయం వంటి చోట్ల వరుసలు ఒకదాని తరువాత ఒకటి చిక్కుముడిగా ఉంటాయి. ఎర్లాంగ్ మార్గంలో కాగితంమీద లెక్క కట్టడం అక్కడ దుస్సాధ్యం. అందుచేత ఆ వ్యవస్థనంతా కంప్యూటరులో బొమ్మకట్టి నడిపించి చూడాలని వారు తలచారు. వారి తొలి ఆలోచనలో ఉన్నవి రెండే. ఒకటి, సేవచేసే స్థానాలు. రెండు, స్థానంనుండి స్థానానికి నడిచే ఖాతాదారులు. ప్రతి స్థానం ముందు ఒక వరుస. దీనికోసం సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. దాని తరువాతి రూపం 1967లో వచ్చింది. క్లాసు, ఆబ్జెక్టు అనే భావనలు ప్రోగ్రామింగులో రూపు దిద్దుకున్నది ఆ భాషలోనే. అంటే ఈనాడు ఆబ్జెక్టు ఆధారిత ప్రోగ్రామింగు అని కళాశాలల్లో బోధించే పద్ధతి, వరుసలను అనుకరించే ప్రయత్నంలో పుట్టినదన్నమాట.

క్లాసు అంటే ఇటుక అచ్చు వంటిది. ఆబ్జెక్టు అంటే ఆ అచ్చులో పోసిన ఇటుక. క్యూ అనే క్లాసును ఒక్కసారి రాసి పెట్టుకుంటే దానినుండి ఎన్ని వరుసలనైనా పుట్టించవచ్చు. ప్రింటరు ముందు వేచి ఉన్న కాగితాలకు ఒకటి, టికెట్లకోసం వేచి ఉన్న ప్రయాణికులకు ఒకటి. ప్రతి వరుస ఆబ్జెక్టుకు రెండే తలుపులుంటాయి. వెనుక తలుపు చేర్చడానికి, ముందు తలుపు తీయడానికి. మధ్యలో గోడ. ప్రోగ్రాములో మరే భాగమూ ఆ గోడ దాటి లోపలి వరుసను కదల్చలేదు. గుడి దగ్గర క్యూకు రెండువైపులా ఇనుప కమ్మీలు ఎందుకు కట్టారో ఇక్కడ గోడ కూడా అందుకే.

లోపలి అమరిక ఎలా ఉంటుంది? మనుషుల వరుసలో ముందువాడు వెళ్లిపోగానే అందరూ ఒక అడుగు ముందుకు వేస్తారు. కంప్యూటరులో లక్ష అంశాలు వేచి ఉంటే, ఒక్కటి పోయినప్పుడల్లా లక్షనూ జరపడం వృథా శ్రమ. అందుకని ఎవరినీ కదిలించరు. వరుసగా సంఖ్యలు వేసిన గదులలో వారిని కూర్చోబెట్టి, మొదలు ఏ గదిలో ఉందో, చివర ఏ గదిలో ఉందో రెండు గుర్తులు మాత్రం పెట్టుకుంటారు. ముందువాడు పోతే మొదటి గుర్తు ఒక గది జరుగుతుంది. కొత్తవాడు వస్తే చివరి గుర్తు జరుగుతుంది. ఆఖరి గది దాటిన గుర్తు, పన్నెండు దాటిన గడియారపు ముల్లులా, మళ్లీ తొలి గదికి వస్తుంది. గదులకు బదులు గొలుసు పద్ధతి కూడా ఉంది. అందులో ప్రతివాడికీ తన వెనుక ఎవరున్నారో మాత్రమే తెలుసు. సిమ్యులా భాషలో వరుసలు గొలుసు పద్ధతిలో ఉండేవి. వరుసకు ఒక తల, దానికి తగులుకునే లంకెలు. లోపల గదులున్నాయా, గొలుసు ఉందా అన్నది బయటివారికి అనవసరం. ఒకదానిని తీసి మరొకదానిని పెట్టినా తలుపులు మాత్రం ఆ రెండే.

ఉన్న క్లాసునుండి మరొక క్లాసును పుట్టించే వీలు కూడా సిమ్యులా కల్పించింది. ఆసుపత్రిలో ప్రాణాపాయంలో ఉన్నవారిని ముందు చూడాలి. అలాంటి వరుసకోసం క్యూ క్లాసును మొత్తం తిరిగి రాయనక్కరలేదు. తీసే నియమం ఒక్కటి మార్చి, మిగిలినదంతా వారసత్వంగా తెచ్చుకోవచ్చు.

ఖాళీ వరుసనుండి తీయబోతే ఏమి చేయాలో క్లాసు రాసేటప్పుడే నిర్ణయించాలి. గదులన్నీ నిండిన తరువాత మరొకటి వస్తే ఏమి చేయాలన్నది ఇంకా ముఖ్యం. దానిని వదిలివేయాలి, లేదా తలుపు బయట ఆపాలి. 1917లో ఎర్లాంగ్ వేరుచేసి చూపిన రెండు పద్ధతులు ఇవే. ఎన్ని గదులు కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ప్రోగ్రాము రాసేవారు ఆయన లెక్కల దగ్గరికే వెళతారు.

నిగార్డ్, డాల్ ఇద్దరూ 2002లో మరణించారు. అంతకు ముందే, 1986 ప్రాంతంలో, స్వీడన్‌లోని ఎరిక్‌సన్ టెలిఫోన్ కంపెనీ ప్రయోగశాలలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు టెలిఫోన్ కేంద్రాలను నడపడానికి మరొక ప్రోగ్రామింగ్ భాషను తయారుచేశారు. అందులో పనిచేసే ప్రతి చిన్న భాగానికీ ఒక తపాలాపెట్టె ఉంటుంది. దానికి వచ్చిన సందేశాలు వచ్చిన వరుసలోనే అందులో నిలుచుంటాయి. ఆ భాషకు వారు పెట్టిన పేరు ఎర్లాంగ్.